ఎదురింట్లో మోగే ఫోను

లెమోనియా ఆఫీసు ఫోనులో నంబరు నొక్కి రిసీవరు చెవికి ఆనించుకుంది. చెవిలో గంట మోగింది. సందుకి అవతల, మూసిన నీలం తలుపుల వెనక, అలాంటి గంటే ఇంకోటి మోగింది. రెండూ కాసేపు మోగి ఊరుకున్నాయి.

అది స్టమాటిస్ ఇల్లు. ఆమెకి పెదనాన్న కొడుకు, ఆమె పనిచేసే టూర్ల ఆఫీసుకి యజమాని. అక్కడ ఎవరూ లేరని ఆమెకి తెలుసు. మొదటిసారి, ఆపద వస్తే ఏం చెయ్యాలో ఆఫీసు ప్లానులో రాసుందని చేసింది. ఇప్పుడు సందులో ఆ చప్పుడైనా వినపడుతుందని చేస్తోంది.

భూమి ఊగడం మొదలై వారాలు దాటింది. పెద్దగా ఏమీ కూలలేదు. అయితే బడి గోడ బీటలు వారిన రోజున దీవిలో జనానికి గుండె జారింది. ఓడ వచ్చినప్పుడల్లా కొందరు చొప్పున అవతలి ఒడ్డున పిరయస్ పట్నానికి వెళ్లిపోయారు. రొట్టెలు కాల్చే ఆయన వెళ్లాడు. చర్చి తాళం వేసి ఫాదరూ వెళ్లాడు. స్టమాటిస్ రేవులో సంచులు అందిస్తూ, "మా బావమరిది ఇంట్లో పడుకోడానికి నేల కూడా లేదు లెమోనియా, లేకపోతే నిన్నూ..." అని, మాట పూర్తి చెయ్యకుండా ఇంటి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. పూలకుండీలకి నీళ్లు పొయ్యమన్నాడు.

ఆపద వస్తే వ్యాపారం ఆగకుండా ఏం చేస్తారో రాసివ్వమని ఆ మధ్య ఇన్సూరెన్సు వాళ్లు పట్టుబట్టారు. అప్పుడు ఆఫీసులో అందరూ కూచుని, కాల్చిన ఆక్టోపస్ తింటూ రాశారు. ఈ దీవికి తెలిసిన ఆపద ఒక్కటే. గాలి లేస్తే ఓడ రాదు. కాబట్టి పిండి ఎంత నిలవుండాలి, చిక్కుబడిన అతిథుల్ని ఎవరింట్లో పడుకోబెట్టాలి, అంతా అందులో ఉంది. ఫోన్లకి ఇళ్ల నంబర్లే రాశారు. గాలికి ముందు పోయేది సెల్లు టవరే కదా అనుకున్నారు.

"భూమి కదిలితేనో?" అని లెమోనియా అడిగింది.

"కదిలితే ఎక్కడికి పోతాం పిల్లా, సముద్రంలోకా?" అన్నాడు స్టమాటిస్. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఓడ రాకపోతే ఏం చెయ్యాలో రాసుకున్నారు. ఓడ వచ్చి అందర్నీ ఎక్కించుకుపోతే ఏం చెయ్యాలో రాసుకోలేదు. ఒక్క మాట మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది. ఏది ఏమైనా ఆఫీసు ఫోను ఎత్తడానికి ఒకరుండాలి. దాని పక్కన ఆమె పేరుంది.

మధ్యాహ్నం స్టమాటిస్ ఫోను చేశాడు. వెనక టీవీ, పిల్లల గోల.

"బ్రాంకో మాస్టారు ఇవాళ చేస్తాడు. అంతా సద్దుమణిగిందని చెప్పు."

"సద్దుమణగలేదుగా అన్నా."

"వాళ్లొచ్చే వేళకి మణుగుతుంది. నువ్వు కాస్త ముందుగా చెబుతున్నావు, అంతే."

"అంత నమ్మకముంటే నువ్వే వచ్చి ఇక్కణ్ణించి చెప్పు."

"నోరు బాగా లేచింది నీకు, అడ్డు చెప్పేవాళ్లు లేక," అని నవ్వాడు. మళ్లీ గొంతు మారింది. "ఆ ఒక్క గుంపూ పోతే ఆఫీసు మూసెయ్యడమే. నాకిక్కడ నడుపుకోడానికి టాక్సీ దొరుకుతుంది. నీ సంగతి చూసుకో."

బ్రాంకో మాస్టారిది వేరే దేశం, ల్యుబ్లియానా నగరం. రిటైరయ్యాక ఏటా వసంతంలో తన ఈడు వాళ్లని కొండల మీద నడిపించడానికి ఇక్కడికి తీసుకొస్తాడు. గ్రీకు భాషని పుస్తకంలో చూసి చదువుతున్నట్టు మాట్లాడతాడు. ఒకసారి గాలికి ఓడ ఆగిపోతే వారమంతా స్టమాటిస్ ఇంట్లోనే ఉన్నాడు.

ఆయన ఫోను వచ్చింది. కుశలప్రశ్నలు అవుతుండగానే అరమీద గ్లాసులు గలగలలాడాయి.

"ఏమిటమ్మాయ్ ఆ చప్పుడు?"

గ్లాసులు కడుగుతున్నానని చెప్పొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"భూమి కదిలింది మాస్టారూ. ఇప్పుడే." ఆయన ఏమీ అనకముందే మళ్లీ అందుకుంది. "వసంతంలో రావద్దు. కొండదారిలో రాళ్లు జారుతున్నాయి. రద్దు మాత్రం చెయ్యకండి, అక్టోబరుకి జరపండి. తొలివాన పడితే రాళ్ల సందుల్లో పూలొస్తాయి. సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది."

"మేం ముసలాళ్లం. అక్టోబరుకి ఎంతమందిమి మిగులుతామో!"

"మిగిలినవాళ్లే రండి. అప్పటికీ ఊగుతుంటే నేనే ఫోను చేసి వద్దంటాను."

ఆయన నవ్వాడు. "వద్దంటానన్నావు చూడు, అందుకే వస్తాం. సరే, అక్టోబరు." కాస్త ఆగి అడిగాడు. "నీకు తోడెవరున్నారు అక్కడ?"

లెమోనియా కిటికీలోంచి నీలం తలుపుల వైపు చూసింది.

"ఎదురింట్లో స్టమాటిస్ అన్న ఉన్నాడుగా," అంది.

తర్వాత స్టమాటిస్‌కి చెప్పింది. అతను కాసేపు గొణిగాడు. చివరికి, "పోనీలే, పూర్తిగా పోలేదు. అక్టోబరు దాకా తెరిచే ఉంచుదాం," అన్నాడు.

"నువ్వెప్పుడొస్తావు?"

"అక్టోబరుకే. ఈలోగా వచ్చి ఏం చెయ్యను? ఫోనుకి నువ్వున్నావుగా."

ఆమె కోరుకున్నదీ అదే, ఆఫీసు ఉండటం. ఎండురొట్టె నీళ్లలో నానబెట్టి, మీద కాస్త నూనె పోసుకుని గుమ్మంలో కూచుంది. సందు ఆ చివరినించి ఈ చివరిదాకా ఒక్క తలుపూ తెరిచిలేదు. అక్టోబరు దాకా ఇంతే.

అప్పుడు ఎదురింట్లో ఫోను మోగింది.

ఆమె ఏ నంబరూ నొక్కలేదు. ఆ ఇంటి నంబరు తెలిసి, స్టమాటిస్ అక్కడున్నాడని నమ్మే మనిషి లోకంలో ఇప్పుడు ఒక్కరే. అమ్మాయిని కాస్త కనిపెట్టుకో అని చెప్పడానికి చేస్తున్నాడేమో. మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది.

తాళంచెవి తీసుకుని సందు దాటింది. లోపల చీకటి, మూసిపెట్టిన వాసన. తడుముకుంటూ వెళ్లి రిసీవరు ఎత్తింది.

"స్టమాటిస్?"

"నేనే మాస్టారూ."

స్టమాటిస్ ఏడని ఆయన అడగలేదు.

"రేపు ఏ నంబరుకి చెయ్యమంటావమ్మాయ్?"

"దేనికైనా చెయ్యండి," అంది లెమోనియా. "రెండూ నాకు వినపడతాయి."