పొడుగైన లైను

నా ఉద్యోగాన్ని మా వదిన తల దువ్వే పని అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. మా సాఫ్ట్‌వేర్ లైబ్రరీని ఎలా వాడాలో చూపించే చిన్న చిన్న కోడ్ ఉదాహరణలు వందకు పైగా ఉన్నాయి. తలా ఒక తీరున రాసిన వాటికి ఖాళీలు సర్ది, లైన్లు సమం చేసి, పేజీలో పెట్టేదాన్ని నేను. ఏ లైనూ ఎనభై అక్షరాలు దాటకూడదు. దాటితే పేజీలో ఉదాహరణ చుట్టూ గీసిన పెట్టెలోంచి బయటికి పొడుచుకొస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. ఆమె మట్టి పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది.

"అమ్మాయ్, ఖాళీ గడులున్న వరసలు తీసేద్దామని మీ పేజీలోని ఉదాహరణ దించి నా ఫైలు మీద నడిపాను. నాలుగు వందల వరసలకి పదకొండు మిగిలాయి. ఏడు నెలల రీడింగులు."

"వేరే కాపీ లేదా?"

"ఉంటే నీకెందుకు చేస్తాను, నీ గొంతు విని మురిసిపోడానికా? రేపు పొద్దున మా ఆఫీసరుకి సంజాయిషీ ఇవ్వాలి. నా చేతగానితనమే అని రాస్తున్నా. పాతదాని మీదే రాసేస్తుందని మీరు అక్కడ పెట్టే ఉంటారు, నా కళ్లకే ఆనలేదు."

పేజీ తెరిచాను. ముచ్చటగా ఉంది. 'ముందు నకలు తీసుకోండి, ఇది పాత ఫైలు మీదే రాస్తుంది' అని ఇంగ్లీషులో ఒక లైను అక్కడ ఉండేది. తొంభై ఆరు అక్షరాలు. విరిస్తే కింది వరస వంకరపోయింది. ఇంత చిన్న విషయం ఎవరికి తెలియదులే అని మార్చిలో తీసేశాను.

తిరిగి పెట్టడం రెండు నిమిషాల పని. పెట్టి, మళ్లీ చూడు వదినా అంటే, తన కళ్లనే తిట్టుకుంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏమే, పలకవు?"

"అక్కడ లేదు వదినా. ఉండేది. నేనే తీసేశాను."

"ఎందుకు?"

"పొడుగైందని."



"పొడుగైందని," అంది వదిన. "ఇది నేను కాగితం మీద పెడితే మా ఆఫీసరు నమ్ముతాడా? నీదీ నాదీ ఒకే ఇంటిపేరు. ఆడపడుచుతో కలిసి కథ అల్లానంటాడు."

"ఏ మార్పు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో మా దగ్గర వేరే పేజీ ఉంటుంది. అది పంపిస్తాను."

"అందులో నీ పేరు ఉంటుందా?"

"ఉంటుంది."

"మీవాళ్లు కూడా చూస్తారా?"

"ఎవరైనా చూడొచ్చు."



"పంపు," అంది.