గోళ్ళరంగు చుక్క

వాల్యూమ్ ఎనిమిదో మెట్టు దగ్గర టేపులోని మూడు తీగల కోముజ్ పీలగా పలికింది. తొమ్మిదో మెట్టుకు తిప్పాడు సపర్‌బెక్. గది నిండిపోయినట్టయి, బెదిరి మళ్ళీ వెనక్కి తిప్పాడు. కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, స్పీకర్ల మధ్య నిలబడ్డాడు. ఎక్కడా కుదురు చిక్కలేదు.

టేపులో వాయిస్తున్నది అతని భార్య గుల్‌సైరా. పోయి ఏడాది కావస్తోంది. ఆ తర్వాత టేపు పెట్టడం ఇదే మొదలు. ఆమె వాద్యం ఈ గదిలో ఎంత వినబడేదో ఇప్పుడూ అంతే వినబడాలని అతని పట్టుదల.

పాత వాల్యూమ్ కంట్రోల్ గరగరలాడుతోందని, బాగా తగ్గిస్తే ఎడమ స్పీకర్ మూగబోతోందని, నెలరోజులు కూర్చుని ఇరవై నాలుగు మెట్ల స్విచ్ కట్టాడు. ఒక్కో మెట్టుకు రెసిస్టర్లు తనే అతికాడు. నాబ్ మాత్రం పాతదే. దానిమీద గుల్‌సైరా పెట్టిన ఎర్ర గోళ్ళరంగు చుక్క ఉంది. ఆ హద్దు దాటితే కింది ఇంటి బూరుల్, అన్ని అంతస్తులకూ వేడినీళ్ళు మోసే రేడియేటర్ గొట్టం మీద గరిటెతో కొడుతుందని అతని లెక్క. ఈ భవనంలో గొడవలన్నీ ఆ గొట్టం మీదే. ఇప్పుడా చుక్క సరిగ్గా ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య పడుతోంది.

ఠంగ్!

గొట్టం మోగింది. సపర్‌బెక్ గబుక్కున ఏడుకు తగ్గించాడు.

ఠంగ్!

ఆరుకు దించాడు. ఇప్పుడు కోముజ్ పక్క వీధిలో ఎవరో వాయిస్తున్నట్టుంది. అయినా మళ్ళీ ఠంగ్! ఆంప్లిఫయర్ ఆపేశాడు.

కాసేపటికి మెట్ల మీద ఆయాసం వినిపించింది. తలుపు తీస్తే బూరుల్. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా పైకి రాని మనిషి!

"ఏమయ్యా, ఆపేశావేం?"

"నువ్వేగా కొట్టావక్కా! తగ్గించమనేగా?"

"తగ్గించమంటే రెండు దెబ్బలు. ఒకటి కొడితే పెంచమని. నీకా మాత్రం తెలీదా?"

"నాకెవరు చెప్పారు?"

"గుల్‌సైరా నీకెందుకు చెబుతుంది? ఆదివారం మధ్యాహ్నమైతే నువ్వు గారేజీలో కారు కింద దూరేవాడివి. అప్పుడే నాకోసం ఈ టేపు పెట్టేది. నా చెవులేమో అంతంతమాత్రం. నేను కొడుతుంటే పెంచుకుంటూ పోయి, నాకు సరిగ్గా వినబడ్డ చోట చుక్క పెట్టుకుంది."

సపర్‌బెక్ నాబ్ వంక చూశాడు. ఇన్నేళ్ళూ తన చేతికి వేసిన కళ్ళెం అనుకున్నాడు దాన్ని.

"అంటే ఆ చుక్కకు తగ్గకూడదా?"

"తగ్గితే నాకు గాలి చప్పుడే. సరే, ఇదిగో బోర్సోక్, పిండి ముద్దలు ఇప్పుడే నూనెలోంచి తీశాను. చల్లారకముందే తిను. ముఖం చూడు, నానిన రొట్టెలా ఉంది."

"కూర్చో అక్కా, ఇక్కడే విందువుగాని."

"నా మంచం మీద పడుకుని వింటేనే నాకు బాగుంటుంది. చేయి పట్టుకుని దింపు."

ఒక్కో మెట్టూ దింపి, ఆమెను మంచం దాకా చేర్చి పైకొచ్చాడు. టేపు వెనక్కి తిప్పి ఎనిమిదో మెట్టు మీద పెట్టాడు. గొట్టం దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టాడు.

ఠంగ్!

తొమ్మిదికి తిప్పాడు. గది నిండింది. మరో దెబ్బ పడుతుందేమోనని చాలాసేపు చూశాడు. గొట్టం పలకలేదు. అప్పుడు కుర్చీలో కూర్చుని వేడి బోర్సోక్ ఒకటి నోట్లో వేసుకున్నాడు.