ఘోరంగా పాడే కుర్రాడు కావలెను

ముప్పై ఏళ్లుగా మార్కాపురంలో సంగీతం చెబుతున్నాను. పిల్లల శ్రుతి సరిచేయమని తల్లులు వస్తారు. ఉన్న శ్రుతిని చెడగొట్టమని నన్ను అడిగిన మనిషి ఈ లోకంలో ఒక్కడే, నా మొగుడు.

మా ఆయన కోటేశ్వరరావుకు ఊరి బయట పలకరాయి ఫ్యాక్టరీ ఉంది. బడిపిల్లలు పలకలు మానేశాక ఆ రాయినే బిల్లలుగా కోయించి ఇళ్ల గోడలకూ కప్పులకూ అమ్ముతున్నాడు. రాయి చూడ్డానికి జపాను నుంచి మొరిత అనే పెద్దమనిషి వస్తున్నాడని తెలిసిన రోజు నుంచి ఈయన కుదురుగా కూర్చోలేదు. జపాను వాళ్లు కలిసి పాటలు పాడుకోనిదే ఏ పనీ ఖాయం చేసుకోరని ఎవరో ఎక్కించారు. రెండు రోజులు ఫోనులో వెతికి, 'పాడటం రాని కుర్రాళ్లకు సులువైన జపనీస్ కరోకే పాటలు' అనే జాబితా పట్టుకున్నాడు. కరోకే అంటే పెద్ద విద్యేమీ కాదు. వెనక వాయిద్యాలు మోగుతుంటే మనం మైకు పట్టుకుని పాడటం, అంతే.

"అసలు కిటుకు ఇందులో ఉంది హైమా," అన్నాడు. "మనోడు బాగా పాడితే వచ్చినాయన సిగ్గుపడి నోరు తెరవడంట. మనోడు ఘోరంగా పాడాల. అప్పుడు ఆయన ధైర్యంగా లేచి పాడతాడు. పాడినాడంటే రాయి ఖాయమైనట్టే."

"అయితే మీరే పాడండి. అంతకంటే ఘోరం ఎక్కడ దొరుకుతుంది?"

"కుర్రాడు కావాలని రాసినారు. నేను కుర్రాణ్ణా?"

మర్నాడు ఫ్యాక్టరీ ఆవరణలో కుర్రాళ్లందర్నీ వరసగా నిలబెట్టి తలా ఒక పాట పాడించాడు. గెలిచినవాడికి అమ్మగారే ఇంటి దగ్గర పాట నేర్పుతుందని చెప్పాడు. గెలుపంటే ఏమిటో మాత్రం చెప్పలేదు. రాళ్లు కోసే నతానియేలు నోరు తెరవగానే, మిషను దగ్గరున్న పాపమ్మ బ్లేడు విరిగిందనుకుని కరెంటు ఆపేసిందట. మా ఆయన పరుగున వెళ్లి వాడి భుజం తట్టి, "నువ్వే నాయనా!" అన్నాడు.

నతానియేలుది పెద్దారవీడు పక్క పల్లె. ఇరవై మూడేళ్లుంటాయి. వాళ్ల చర్చిలో పాస్టరు శాంతయ్య, నువ్వు పెదవులు మాత్రం కదుపు చాలన్నాడట. పదేళ్లుగా అట్లాగే కదుపుతున్నాడు. పని దిగి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఫ్యాక్టరీ మొత్తంలో సారు నన్నే ఎంచుకున్నాడమ్మా," అన్నాడు.

ఆ మొహం చూసి నిజం చెప్పలేకపోయాను. "నీ గొంతు అట్లాంటిది నాయనా," అన్నాను. అబద్ధమేమీ కాదు. కానీ అప్పటి నుంచి నాకు ఒకటే భయం. తననెందుకు ఎంచుకున్నారో ఈ పిల్లవాడికి తెలియకూడదు.

నాకు జపనీస్ రాదు, వాడికీ రాదు. జాబితాలో మొదటి పాటే ఎత్తుకున్నాం. రైలు తప్పిపోయినాయన స్టేషన్లో కూర్చుని పాడుకునే పాటని కింద రాసి ఉంది. నాలుగంటే నాలుగే స్వరాలు. మాటలన్నీ తెలుగక్షరాల్లో పలక మీద రాసుకుని ఒళ్లో పెట్టుకునేవాడు. మొదటి రోజు వాడి పాట విని పక్కింటి శ్యామలమ్మ గోడ మీంచి తొంగిచూసి, "గేదె ఈనుతాందా వదినా?" అని అడిగింది.

నేను చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడం. అదే చాతకాలేదు. వాడు పైకి పోతే నా వేలు దానంతటదే కిందికి చూపించేది. వాడు ఆ వేలినే చూస్తూ దిగేవాడు. నా దగ్గరికొచ్చే పిల్లలు లోపల చాప మీద కూర్చుని, ఒక కన్ను ఫోను మీద పెట్టి గీతాలు అప్పజెబుతారు. వీడు రాయి కోస్తూ అదే పాట, బండి తోలుతూ అదే పాట, అన్నం తింటూ అదే పాట. పన్నెండో రోజున నాలుగు స్వరాలూ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

అదే రోజు మా ఆయనా విన్నాడు. గుమ్మంలోనే కూలబడ్డాడు. వాడు వెళ్లేదాకా ఆగి నా మీద పడ్డాడు.

"ఏందే ఇది? వాడు బాగా పాడతాండాడు!"

"సాధన చేశాడు."

"ఎవురు చేయమన్నారు? ఎల్లుండే ఆయనొచ్చేది. చెడగొట్టు. నీకు చాతకాకపోతే నేనే చెప్తా. నిన్ను తీసుకున్నదే ఘోరంగా పాడతావని, అట్లనే పాడమంటా."

"ఆ మాట వాడి చెవిన పడిందంటే ఈ ఇంట్లో మీకు మంచినీళ్లు కూడా పుట్టవు," అన్నాను.

అన్నాను కానీ, మర్నాడు శ్రుతిపెట్టె కావాలనే కాస్త తప్పుగా పెట్టాను. ఆ పాపం నాదే. "శ్రుతి కొంచెం దిగినట్టుందమ్మా," అని వాడే సవరించాడు.

మొరిత వచ్చాడు. బంతిపూల దండ వేసి ఆవరణలో షామియానా కింద కూర్చోబెట్టారు. అరవై మంది పనివాళ్లు చుట్టూ నిలబడ్డారు. నతానియేలు మైకు పట్టుకుని మొదటి చరణం పాడాడు. గీత గీసినట్టు పాడాడు. మొరిత చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని తల దించుకున్నాడు. మా ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

వాడు ఊపిరి కోసం ఆగాడు. అప్పుడు పాపమ్మ నోరు తెరిచింది.

పాపమ్మతో సహా పనివాళ్లంతా నతానియేలు చర్చివాళ్లే. అక్కడ ఒకరు చరణం పాడి ఆగితే మిగతావాళ్లందరూ దాన్ని తిప్పి పాడాలి. మైకు ముందు మనిషి ఆగాక ఊరుకోవడం వాళ్లకు పుట్టి బుద్ధెరిగి తెలియదు. అరవై గొంతులు, అరవై శ్రుతులు, ఒక్కటే జపనీస్ చరణం! వాడు రెండోది పాడాడు. అదీ తిప్పి కొట్టారు. వాయిద్యాలు వీళ్లకోసం ఆగలేక ముందే ముగిసి ఊరుకున్నాయి. ఎక్కడో కురిచేడులో పోతున్న గూడ్సుబండి ఆగి విని ఉంటుందంటే నమ్ముతాను.

మొరిత మొదట బెదిరాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, లేచి మైకు అందుకున్నాడు. ఆయన పాట గురించి నేను మాట్లాడను, అతిథి. దాన్ని కూడా మావాళ్లు ఒక్క తప్పూ వదలకుండా తిప్పి పాడారు. భోజనాల వేళకు రాయి ఖాయమైంది.

అందరూ తింటుంటే నతానియేలు నా దగ్గరికి వచ్చాడు.

"సారుకు కోపమొచ్చిందా అమ్మా? నేను శ్రుతిలో పాడితినే."

"నిన్నెందుకు ఎంచుకున్నారో నీకు తెలుసా?"

"ఆ పొద్దే తెలుసమ్మా. బాగా పాడినోణ్ణల్లా సారు పక్కకు తోసేస్తాండె. అందుకే మిషను ఆగేట్టు పాడినా. గెలిస్తే మీరు నేర్పుతారన్నారు గదా." తల వంచుకుని అడిగాడు. "ఊరకే వచ్చి అడిగింటే నేర్పేవాళ్లా అమ్మా?"

నేర్పేదాన్నే అని నోటిదాకా వచ్చింది. వాడు నేర్చుకున్నన్నాళ్లూ మా ఇంటి బయట మెట్టు మీదే కూర్చున్నాడు. లోపలికి రమ్మని నేను ఒక్కసారీ అనలేదు. తట్టనైనా తట్టలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"లేదు నాయనా," అన్నాను. "రేపు ఆరింటికి రా. లోపల చాప మీద కూర్చుందువు."