జాకీ తిప్పి చూడు

నా మాజీ మొగుడు వెర్లిన్ జులై నాలుగో తేదీ పొద్దున్నే హారన్ కొట్టుకుంటూ నా వాకిట్లోకి దిగాడు. స్వాతంత్ర్య దినం, దేశమంతా టపాసులు కాల్చే రోజు అది. మేమిద్దరం ఒకచోట ఉంటే వేరే టపాసులు అక్కర్లేదని డార్బీ ఊళ్లో అందరికీ తెలుసు.

వచ్చింది ట్రైలర్ కోసం, ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. విడాకులప్పుడు ఇల్లు, ట్రక్కు, గుర్రం, ఆఖరికి కుక్క సంగతి కూడా తేలిపోయింది గానీ ఆ ట్రైలర్ దగ్గర ఇద్దరికీ పంతం వచ్చింది. అందులో రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒంగి దూరాల్సిన స్నానాల గది, అంతే. దానికోసం మూడేళ్లు లాయర్లను మేపాం. చివరికి ఈ వసంతంలో జడ్జి విసుగెత్తి తేల్చేశాడు: ట్రైలర్ నా పెరట్లోనే ఉంటుంది, ఏటా జులైలో రెండు వారాలు వెర్లిన్ పట్టుకుపోవచ్చు.

పట్టుకుపోతే పోనీ, పీడా పోతుంది అనుకునేదాన్ని. కానీ అతనితోపాటు నా మనవరాలు పైపర్ కూడా వెళ్తానంది. మా అమ్మాయి కెండ్రా మిజూలాలో నర్సు. వేసవి సెలవుల్లో పిల్లను నా దగ్గర వదులుతుంది. లాస్ట్ ట్రయిల్ కనుమ దాటి, అవతల రెడ్‌ఫిష్ సరస్సు ఒడ్డున తాతయ్యతో వారం రోజులు ఉండి రావాలని పైపర్ మంచు కరిగినప్పటినుంచీ కలవరిస్తోంది. ఆ ప్రయాణం ఎలాగైనా ఆగిపోవాలని నేనూ అప్పటినుంచీ కోరుకుంటున్నాను. ఎందుకు దాచాలి? ఆ మనిషి నా ముప్పై ఏళ్లు తిన్నాడు. ఇప్పుడు నా వారం కూడా తినడానికొచ్చాడని కడుపు మండింది.

ట్రక్కు అతనిది కాదు. అతని కొత్త భార్య డార్సీది. ఎర్రగా నిగనిగలాడుతోంది. డార్సీ కూడా దిగింది, చల్లటి కాఫీ గ్లాసు పట్టుకుని.

"హాయ్ లావోన్! మీ పూలు ఎంత బాగున్నాయో" అంది.

"అవి కలుపు మొక్కలమ్మా" అన్నాను.

వెర్లిన్ ట్రక్కును వెనక్కి తోలడం మొదలుపెట్టాడు. ట్రైలర్ ముందు పొడుచుకొచ్చే నొగ చివర బోర్లించిన ఇనుప కప్పు ఒకటుంటుంది. ట్రక్కు వెనకాల ఉన్న ఇనుప గుండు సరిగ్గా దాని కిందికి రావాలి. మా కాపురంలో వెనక్కి తోలడం అతని పని, వెనక నిలబడి చేతులు ఊపడం నా పని. ఏ క్యాంపులోకి వెళ్లినా మేం ట్రైలర్ పెట్టే ముచ్చట చూడటానికి చుట్టుపక్కలవాళ్లు మడత కుర్చీలు తెచ్చుకుని కూర్చునేవాళ్లు. మా తిట్లు అంత రంజుగా ఉండేవి. ఈసారి నేను చేతులు కట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. డార్సీ చేతులూపింది, ఈగల్ని తోలుకుంటున్నట్టు. ఐదోసారికి గుండు కప్పు కిందికి వచ్చింది.

"చూశావా? నువ్వు లేకపోయినా పనులు జరుగుతాయి" అన్నాడు వెర్లిన్ కిటికీలోంచి తల బయటపెట్టి.

"చూశాను. ట్రైలర్‌కి కూడా నువ్వంటే అసహ్యం వేసినట్టుంది, నాలుగుసార్లు తప్పించుకుంది."

పైపర్ అప్పటికే నిద్రసంచీ, చేపల గాలం చంకలో పెట్టుకుని ట్రక్కు తలుపు దగ్గర నిలబడి ఉంది. మా మాటలు వినపడనట్టు నటించడం ఆ పిల్ల చిన్నప్పుడే నేర్చుకుంది.

ట్రైలర్లు లాగేవాళ్లలో ఒక పద్ధతుంది. ఒకడు తగిలిస్తున్నప్పుడు ఇంకొకడు పలకరించకూడదు. పలకరిస్తే, చేసినదంతా విడిచిపెట్టి మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాలి. అందుకే నేను నోరు మూసుకున్నాను. వెర్లిన్ మాత్రం డార్సీతో కబుర్లాడుతూనే నొగను మోస్తున్న జాకీ తిప్పి దాన్ని దించాడు, కబుర్లాడుతూనే గొళ్లెం వేసి చీల గుచ్చాడు, కబుర్లాడుతూనే గొలుసులు తగిలించాడు. చేతులు దులుపుకుని, "పైపర్, ఎక్కమ్మా" అన్నాడు.

నేను లేచి వెళ్లి పిల్లకూ తలుపుకూ మధ్య నిలబడ్డాను.

"ఎక్కదు. జాకీ తిప్పు."

"ఏంటీ?"

"నొగ పైకి లేపి చూపించు. నొగతోపాటు ట్రక్కు వెనక భాగం కూడా లేవాలి. లేస్తే కప్పు గుండును పట్టుకున్నట్టు. అప్పుడు పిల్ల ఎక్కుతుంది."

వెర్లిన్ ఆకాశంకేసి చూశాడు. "దేవుడా! మొదలైంది. గొళ్లెం పడింది, చీల పడింది, కళ్లు లేవా నీకు? ఇంటినుంచి అలస్కా దాకా లాగినవాణ్ణి నేను."

"లాగింది నువ్వు. తగిలించింది నేను. ఒక్క రోజైనా నీ చేత్తో తగిలించావా? చెప్పు."

"పక్కన నిలబడి సణుగుతుంటే ఎవడు తగిలిస్తాడు?"

"సణిగాను కాబట్టే బతికున్నావు."

డార్సీ గొంతు సవరించుకుంది. "వెర్లిన్ అన్నీ చూసుకున్నాడు లావోన్. మేం పడవను లాగినప్పుడల్లా తనే తగిలిస్తాడు. మీరు ఊరికే కంగారు పడుతున్నారు."

"పడవ ఊడితే చేపలు నవ్వుతాయి. ఇది కనుమలో ఊడితే లోయలో ఏరుకోవాలి."

"అదీ అసలు సంగతి!" వెర్లిన్ ట్రక్కు మీద చరిచాడు. "పైపర్ నాతో రావడం నీకు ఇష్టం లేదు. అందుకని ఈ నాటకం. జడ్జి దగ్గర ఓడిపోయావు, ఇప్పుడు జాకీ పట్టుకున్నావు."

నిజమే అన్నాడు. నిజం అతని నోట్లోంచి వస్తే నాకు మరీ ఒళ్లు మండుతుంది.

"సరే, నాటకమే. తిప్పు."

"నువ్వే తిప్పుకో, మహాతల్లీ!"

తిప్పాను. జాకీ పిడి చల్లగా, నా చేతికి అలవాటైనట్టుగా ఉంది. నొగ కొద్దిగా లేచింది. ట్రక్కు వెనక భాగం కూడా ఓ పిసరు కదిలింది. వెర్లిన్ నవ్వు మొదలుపెట్టాడు.

"తృప్తిగా ఉందా?"

ఇంకో రెండు చుట్లు తిప్పాను. టక్కుమని చప్పుడైంది. ట్రక్కు కిందికి వాలింది. నొగ ఒక్కటే పైకి లేస్తూ వచ్చింది. గొళ్లెం వేసినట్టే ఉంది, చీల గుచ్చినట్టే ఉంది, కప్పు మాత్రం గుండును వదిలేసి గాల్లో నిలబడింది.

పక్కవీధిలో ఎవరో టపాసుల సరం అంటించారు, అది పూర్తయ్యేదాకా ఆ చప్పుడొక్కటే.

నేను గుండు మీద ఉన్న గ్రీజు నా వేలితో తుడిచాను. దాని నెత్తిన కొలత అచ్చుకొట్టి ఉంటుంది. రెండంగుళాలు. పడవ బండికి సరిపోయే గుండు. మా ట్రైలర్‌కి అంతకంటే పావు అంగుళం పైచిలుకు పెద్దది కావాలి. చిన్న గుండు మీద పెద్ద కప్పు చక్కగా కూర్చుంటుంది. గొళ్లెం పడుతుంది, చీల దూరుతుంది, ఊరు దాటేదాకా బుద్ధిగా వెంట వస్తుంది. కనుమలో ఒక గతుకు తగిలితే చాలు, అప్పుడు ఊడుతుంది.

"ఇది పడవ గుండు, మహానుభావా" అన్నాను.

వెర్లిన్ ముఖం ట్రక్కు రంగుకు తిరిగింది. డార్సీ కాఫీ గ్లాసు బంపరు మీద పెట్టి, "నువ్వు చూశానన్నావు. నాతో చూశానన్నావు వెర్లిన్!" అంది.

"నీ ట్రక్కు కదా, నీకు తెలియదా?"

"నా ట్రక్కుకి ఉన్నది నా పడవ కోసం! నేను చెప్పానా దీన్ని లాగమని?"

వాళ్లిద్దరూ అలా పీక్కుంటుంటే నాకు పండగలా ఉంది. వెర్లిన్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "కొత్తది కొనుక్కొస్తాను" అన్నాడు.

"ఎక్కడ? ఇవాళ పెద్దూరు హ్యామిల్టన్‌లో కూడా విడిభాగాల కొట్టు ఒక్కటీ తెరవరు."

అతనికీ తెలుసు. సాయంత్రంలోగా చేరకపోతే సరస్సు దగ్గర ట్రైలర్ పెట్టుకోవడానికి తీసుకున్న చోటు ఇంకొకళ్లకు ఇచ్చేస్తారు. పండగ వారం, కాసుకుని కూర్చున్నవాళ్లు బోలెడుమంది.

"పాతదేమైంది? మన పాత ట్రక్కుది" అన్నాడు. మూడేళ్లలో నాతో అరవకుండా మాట్లాడిన మొదటి మాట అదే.

"ట్రక్కుతోపాటు అమ్మేశాను."

నోట్లోంచి తేలిగ్గా వచ్చేసింది. ఆ పాత గుండు దాని ఇనుప కడ్డీతో సహా నా షెడ్డులో, రంపం పక్కన మేకుకు వేలాడుతోంది. అమ్మేటప్పుడు ఊరికే ఇవ్వడం ఎందుకని ఊడదీసి ఉంచాను. ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు. ఇంకేముంది, ప్రయాణం ఆగిపోయింది. నేను ఎవరికీ ఏ చెడ్డా చేయలేదు. పైగా ప్రాణాలు కాపాడాను. ఊళ్లో ఎవరితో చెప్పుకున్నా నన్ను మెచ్చుకుంటారు.

పైపర్ దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. "పోనీలే బంగారూ. రాత్రికి వంతెన దగ్గర టపాసులు చూద్దాం. మొక్కజొన్న పొత్తులు కాల్చుకుందాం."

పిల్ల నా చెయ్యి కిందినుంచి తప్పుకుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"నువ్వు నవ్వావు అమ్మమ్మా" అంది.

"ఎప్పుడే?"

"అది పైకి లేచినప్పుడు. ఊడిపోయినప్పుడు."

"నీకేం కాలేదని నవ్వానే పిచ్చిదానా. ఇక్కడే బయటపడింది కదా అని."

"కాదు" అంది పైపర్. "నాకేమైనా అవుతుందని భయం వేస్తే నువ్వు నన్ను చూస్తావు. నువ్వు తాతయ్యను చూసి నవ్వావు."

గాలం, నిద్రసంచీ తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. తలుపు విసురుగా కూడా వేయలేదు.

నాకు చాలా కోపం వచ్చింది. పదేళ్ల పిల్ల, నా చేతి కుకీలు తిని పెరిగిన పిల్ల, నాకే ఎదురు చెబుతుందా అని. జాకీ తిప్పి చూసింది ఎవరు? నేను కాకపోతే ఇవాళ ఏమయ్యేది? ఇవన్నీ అనుకున్నాను. అనుకుంటున్నంతసేపూ పెదాల మీద ఆ నవ్వు తాలూకు బిగువు నాకే తెలుస్తోంది. సిగ్గేసింది. వెర్లిన్‌ను ఓడించానని వచ్చిన నవ్వు అది. పిల్ల అందులో ఎక్కడా లేదు.

షెడ్డులోకి వెళ్లి కడ్డీని తీసుకొచ్చి వెర్లిన్ కాళ్ల ముందు పడేశాను. దుమ్ము లేచింది.

అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "అమ్మేశానన్నావు?"

"అబద్ధం చెప్పాను. ఏం, అబద్ధాల హక్కు నీ ఒక్కడికేనా? ఆ పిన్ను లాగి నీ పడవ గుండు ఊడదీయి. దీన్ని దూర్చు. ఈసారి కబుర్లాడావంటే మళ్లీ మొదటినుంచీ చేయిస్తాను."

కబుర్లాడలేదు. గొళ్లెం వేశాడు, చీల గుచ్చాడు, నేను అడగకుండానే జాకీ తిప్పాడు. నొగతోపాటు ఎర్ర ట్రక్కు పిరుదులు కూడా పైకి లేచాయి. డార్సీ చప్పట్లు కొట్టబోయి నా ముఖం చూసి మానేసింది.

"గొలుసులు తిన్నగా తగిలించావు. నొగ కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా దాటించు. ఊడినా నొగ వాటి ఒళ్లో పడాలి, రోడ్డు మీద కాదు."

"తెలుసు."

"తెలిసినవాడివి చేసి ఉండాల్సింది. ఆ సన్న తీగ గొలుసుకు కాదు, ట్రక్కుకు తగిలించు. ట్రైలర్ విడిపోతే దాని బ్రేకు పట్టించేది అదే."

"తెలుసంటున్నానా!"

ట్రైలర్ వెనక దీపాలు చూడటానికి మాత్రం ఇద్దరు కావాలి. ఒకరు లోపల నొక్కాలి, ఒకరు వెనక నిలబడాలి. డార్సీని పంపొచ్చు. పంపలేదు, నేనే వెళ్లి నిలబడ్డాను. అతను అక్కడినుంచి అరుస్తాడు, నేను ఇక్కడినుంచి అరుస్తాను.

"ఎడమ!"

"వెలిగింది!"

"కుడి!"

"వెలిగింది!"

"బ్రేకు!"

"వెలిగింది! ఇంకా నొక్కే ఉన్నావేంటి, వదులు!"

మా కాపురం మొత్తంలో మేం ఒకరికొకరం తిన్నగా జవాబు చెప్పుకున్నది ఈ ఒక్క పనిలోనే.

చక్రాల కింద అడ్డు చెక్కలు తీసేశాను. పైపర్‌ను పిలవడానికి ఇంట్లోకి వెళ్లాను. మంచం మీద బూట్లతోనే పడుకుని ఉంది.

"లే. గుండు దొరికింది."

"ఎక్కడ?"

"నా దగ్గరే ఉంది. లేదని చెప్పాను."

పిల్ల నన్ను చాలాసేపు చూసింది. క్షమించిందో లేదో తెలియలేదు. లేచి గాలం అందుకుంది. ట్రక్కు ఎక్కేటప్పుడు నా బుగ్గకు ముక్కు ఆనించింది, అంతే.

వెర్లిన్ కిటికీ అద్దం దించాడు. "థాంక్స్ చెబుతానని చూడకు."

"నీ థాంక్స్ నాకెందుకు, పళ్లు తోముకోవడానికా? దారిలో సూలా ఊరి కొట్టు దగ్గర ఆపి చక్రాల మధ్యలో చెయ్యి పెట్టి చూడు. చెయ్యి కాలిందంటే కనుమ ఎక్కకు. గొళ్లెం, గొలుసులు మళ్లీ చూడు."

"నువ్వు చెబితే చూడాలా?"

"చూడకపోతే..." అని ఆగిపోయాను. పైపర్ వింటోంది. "చూడు" అన్నాను.

వెళ్లిపోయారు. పెరట్లో ట్రైలర్ ఉన్న చోట గడ్డి తెల్లబడి, ఎండ తగలక పాలిపోయి ఉంది. నేను దాని మధ్య కుర్చీ వేసుకుని ఫోను ఒళ్లో పెట్టుకున్నాను. డార్సీ వదిలేసిన కాఫీ గ్లాసు నేల మీద పడి ఉంది. దాన్ని ఓ తన్ను తన్నాను, కొంచెం హాయనిపించింది.

ముప్పావు గంటకి ఫోను మోగింది.

"అమ్మమ్మా, సూలాలో ఉన్నాం. తాతయ్య ఐస్‌క్రీమ్ కొనలేదు, ముందు దిగి అన్ని చక్రాలకూ చెయ్యి పెట్టి చూశాడు."

"గొళ్లెం?"

"చూశాడు. ట్రక్కు కింద పడుకుని గొలుసులు కూడా లాగి చూశాడు. చొక్కా అంతా నల్లగా అయిపోయింది. చూస్తున్నంతసేపూ నిన్ను తిడుతూనే ఉన్నాడు."

"ఏమని?"

"నేను అనకూడని మాటలు."

వెనకాలనుంచి వెర్లిన్ గొంతు వినిపిస్తోంది. ఇంకా తిడుతూనే ఉన్నాడు. ఆ గొంతు విని నా గుండె కుదుటపడటం నా జన్మలో అదే మొదటిసారి.

"బాగా తిట్టాడా?"

"చాలా."

"మంచిది. కనుమ దిగాక ఇంకోసారి ఆపి, మళ్లీ తిట్టమను."