పద్దెనిమిది అంతస్తుల మౌనం

మట్టి పడ్డప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిసిన బస్తా జారినట్టు జారింది. ఇరవై అడుగుల పునాది గోతిలో పనిచేస్తున్న నాగరత్నం, తోమా కనబడకుండా పోయారు. 2007 జూన్. ఏలూరు బైపాసు పక్కన, ఉదయం పది గంటలు. చేతిలో డ్రాయింగులతో నేను గట్టు మీదే ఉన్నాను.

మధ్యాహ్నానికి నాగరత్నం శవాన్ని తీశారు. తోమా దొరకలేదు. సైటు ఇంజనీరు సత్యనారాయణమూర్తి తవ్వకం ఆపించాడు.

"తోమా లోపల లేడు. భయపడి పారిపోయాడు. రేపు కాంక్రీటు పడాలి."

తోమా భార్య కనకమ్మ అక్కడే తట్టలు మోస్తుంది. మొగుడి చెప్పులు పట్టుకుని వచ్చింది.

"గట్టు మీద విడిచి దిగాడండి. చెప్పుల్లేకుండా ఎక్కడికి పారిపోతాడండీ?"

మూర్తి ఫోను చెవిన పెట్టుకుని అటు తిరిగాడు.

నా పేరు నెహెమ్యా. డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆ భవనం గీసింది నేనే. కొల్లేటి చేపల చెరువుల మీద పెరిగిన అబ్బాయిరాజు తన తండ్రి స్మారకంగా కట్టిస్తున్నది. పద్దెనిమిది అంతస్తులు. ఏలూరులో అంత ఎత్తు అంతవరకూ ఎవరూ ఎరగరు. నాలుగో అంతస్తులో జనం మౌనంగా కూర్చునే మండపం, తొమ్మిదో అంతస్తు చుట్టూ తోట, అన్నిటికన్నా పైన చిన్న కొల్లేరులాంటి మడుగు. ఆర్నెల్లు ఇష్టంగా గీశాను. సాయంత్రం ఎండ ఏ బెంచీ మీద పడుతుందో కూడా చూసుకున్నాను.

గొయ్యి తవ్వేవాళ్లంతా కొల్లేటికోట వైపు వాళ్లు. కిందటేడు ప్రభుత్వం అక్రమ చెరువుల గట్లు కొట్టేశాక చేపల పట్టుబడి పని పోయి ఏలూరు వచ్చారు. రాజుగారికి చెరువులు పోతే భవనం మొదలెట్టాడు. వీళ్లకి పోయింది కూడు.

సాయంత్రం రేకుల షెడ్ల ముందు అరవై మంది కూడారు. ఇనుప పని చేసే రూబెన్ ముందు లేచాడు.

"పని ఆపితే మనల్ని తీసేస్తారు. తాడేపల్లిగూడెం కూలీల అడ్డా నుంచి ఇంకో అరవై మందిని తెస్తారు. పిల్లలకేం పెడతాం?"

"రేపు ఆ కాంక్రీటు పోసేది ఎవరురా? మనమే," అంది కనకమ్మ. ఆమె గొంతులో ఏడుపు లేదు. "మనోడి మీద మన చేతుల్తోనే పోస్తామా?"

అందరిలో పెద్దవాడు యేసుదాసు నావైపు చూశాడు.

"బొమ్మ గీసింది మీరే కదండీ. మీరేమంటారు?"

లేచి నిలబడ్డాను. నా మాటలు నాకే ఎవరివో అన్నట్టు వినిపించాయి.

"ఇది నల్లరేగడి. మట్టి జారకుండా గోతి చుట్టూ ఇనుప పలకలు దించాలని గీశాను. తండ్రిగారి సంవత్సరీకానికి పునాది లేవాలి, పలకలకి టైము లేదు, తీసెయ్యమన్నారు మూర్తిగారు. బొమ్మలోంచి తీసేశాను."

రూబెన్ నా చొక్కా పట్టుకున్నాడు. యేసుదాసు అతని చెయ్యి విడిపించాడు.

"ఈయన్ని కొడితే తోమా వస్తాడా? ఆ మాటే రేపు అందరి ముందూ చెప్పమను."

తెల్లారింది. మిక్సరు తిరుగుతోంది. ఒక్కరూ తట్ట ఎత్తలేదు. సెంట్రింగు చెక్కలన్నీ మోసుకొచ్చారు. ఎక్కడ ఆనించాలో, ఎక్కడ అడ్డకర్ర పెట్టాలో నేను చూపించాను. గోతి గోడలకి దన్ను కుదిరాక పలుగూ పారా పట్టుకుని దిగారు. రూబెనే ముందు దిగాడు.

పదకొండింటికి తోమా దొరికాడు. నిలబడే ఉన్నాడు. కనకమ్మ అతని ముఖం మీద మట్టి కొంగుతో తుడిచింది. నాకు ఏడుపు రాలేదు.

రాజుగారి కారు, వెనకే పోలీసు వ్యాను వచ్చాయి. రాజుగారు చెప్పులు విడిచి శవానికి దణ్ణం పెట్టాడు.

"జరిగింది జరిగిపోయిందమ్మా. పైన తోటలో మీవాళ్ల పేర్లు కూడా రాతి మీద చెక్కిస్తాను. పనిలోకి వెళ్లండి."

"పేర్లు చెక్కక్కర్లేదండి," అంది కనకమ్మ. "కేసు రాయించండి. ఎందుకు చచ్చిపోయారో అందులో రాయించండి."

"రాయండి! రాయండి!" గోతిలోంచి, గట్టు మీంచి అరవై గొంతులు.

ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చాడు. నేను మొదట గీసిన డ్రాయింగు విప్పి, పలకలు ఎక్కడ గీశానో, ఎవరు తీయించారో గట్టిగా చెప్పాను. మూర్తి తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టరు కేసు రాశాడు, మా మీద. సైటులో చొరబడి పని అడ్డుకున్నామట. కనకమ్మతో సహా పదకొండు మందిమి. మొగుణ్ణి మట్టి చేసేదాకా ఆగమంది. పోలీసులు ఆగలేదు. తోమాని రూబెన్ వాళ్లు పూడ్చారు.

రెండోరోజు రూబెన్ సబ్‌జైలుకి వచ్చాడు. ఊచలు పట్టుకుని చెప్పాడు.

"పొద్దున్నే మూర్తి తాడేపల్లిగూడెం అడ్డాకి లారీ తీసుకెళ్లాడండి. నలభై మంది కిక్కురుమనకుండా ఎక్కారంట. లారీ రావడం చూసి ఇక అయిపోయిందనుకున్నా. సైటు గేటు దగ్గర దిగారు. లోపలికి రమ్మని మూర్తి కేకలు. ఒక్కడూ కదల్లేదండి. ఊరికే లారీ దొరికింది, మీ దగ్గరికి వచ్చేశాం అన్నారు. గేటు ముందు ధర్నాలో మా పక్కనే కూర్చున్నారు."

విన్నాను. సంతోషం కలగలేదు, ఇంకా ఏమీ కలగడం లేదు. పక్క గదిలోంచి కనకమ్మ గొంతు వినబడింది.

"రూబెనూ, వాళ్లకి అన్నం వండించారా?"

"వండుతున్నారు పిన్నీ. కైకలూరు నుంచి మనోళ్లతో ఇంకో లారీ వస్తోందంట. ఎసరు పెంచమన్నాను."