రౌటర్ ఉండాల్సిన చోటు

"ఇంకో మోడెమ్ కొంటే సరిపోతుందిలే," అన్నాడు భర్త పడగ్గదిలోంచే. ఆమె వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఒక చేత్తో గిన్నెలు సర్దుకుంటూ ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతోంది. నెట్ అందక తెరమీద పిల్లల మొహాలు మళ్ళీ బిగుసుకుపోయాయి.

"మోడెమ్ బాగానే ఉందండీ. బయటి లైను ఇంట్లోకి తెచ్చేది అది. ఆ నెట్‌ని గదులన్నిటికీ పంచేది రౌటర్. అది పోయి మీ బీరువా వెనక కూర్చుంటే వంటింటిదాకా ఎలా అందుతుంది? హాల్లో పెడదాం."

"నీకెందుకవన్నీ? పొయ్యి మీద ఏదో మాడుతోంది, చూడు."

ఆదివారం తోడికోడలు వచ్చింది. నెట్‌వర్క్ కంపెనీలో ఇంజినీరు. బీరువా వెనక్కి తొంగిచూసి, "బావగారూ, మోడెమ్ ఇక్కడే ఉండనివ్వండి. పొడుగు వైరు వేసి రౌటర్‌ని మాత్రం హాల్లోకి మార్చండి," అంది. అవే మాటలు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని మరీ విన్నాడు. "చదువుకున్నవాళ్ళు చెబితే ఎంత తేలిగ్గా అర్థమవుతుందో చూశావా," అన్నాడు భార్యతో. అత్తగారు దిండు తెచ్చి చిన్నకోడలి వీపు వెనక సర్దింది.

ఆమె వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలపసాగింది. తనూ డిగ్రీలో లెక్కలే చదివింది. ఇన్నేళ్ళలో ఈ మనిషి తన మాట కోసం ఎప్పుడైనా కుర్చీ జరుపుకున్నాడా? ఆ పిల్ల చేతి గడియారం మీదా, ఎవరూ మధ్యలో ఆపని ఆ గొంతు మీదా ఒళ్ళు మండింది. దాని కాఫీలో చక్కెర మానేద్దామా అనుకుంది. వేసింది.

తోడికోడలే లోపలికొచ్చి గ్లాసు అందుకుంది. "మా ఇంట్లో నా మాట ఎవరు వింటారక్కా? మీ మరిది రౌటర్‌ని తన టీవీ పక్కనుంచి కదపనివ్వరు. నేను మెట్లమీద కూర్చుని ఆఫీసు పని చేసుకుంటా. ఏమన్నా అంటే, నీ తెలివితేటలు ఆఫీసులో చూపించుకో అంటారు."

ఆమెకు జాలి కలగలేదు. ముందు హాయిగా అనిపించింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఆ పిల్ల నవ్వుతూనే ఉంది గానీ కాఫీ తాగడం లేదు.

"పొడుగు వైరు తెచ్చావా?"

"సంచిలో ఉందక్కా. బావగారు వచ్చేవారం చూద్దామన్నారు."

"ఇప్పుడే పట్టుకురా."

ఇద్దరూ కలిసి పడగ్గదిలో బీరువా జరిపారు. ఆమె వంగి రౌటర్ ప్లగ్గు పీకింది.

"నెట్ పోయింది. ఎవరు తీశారు?" హాల్లోంచి ఆయన గొంతు.

"నేనే," అంది ఆమె, రౌటర్ పట్టుకుని గుమ్మం దాటుతూ. "లేచి ఆ బల్ల ఖాళీ చేయండి."