వద్దు అన్నాడని

కొత్త ఊరికి చదువు కోసం వచ్చే పిల్లలకు ముందుగా ఏమేం చెప్పాలో తనకు తెలిసినంతగా ఆదోనిలో ఇంకెవరికీ తెలియదని జొహరాబీ నమ్మకం. మిద్దె మీది గది బాడుగకిచ్చి బతుకుతున్న మనిషి మరి. హొళగుంద నుంచి, గోనెగండ్ల నుంచి ఎంతమంది పిల్లలు వచ్చి, ఆ గదిలో చదువుకుని పోలేదు! కానీ 1979 ఎండాకాలంలో పత్తి వ్యాపారి ఉస్మాన్ సాబ్ వెంటబెట్టుకొచ్చిన పిల్లవాణ్ణి చూస్తే ఆమెకు చెప్పాల్సినవేవీ గుర్తుకు రాలేదు. తలవంచితే తప్ప గుమ్మం దాటలేనంత పొడుగు. పేరు ఇద్రీస్, దేశం సూడాను. బెంగుళూరులో పత్తి పంట గురించి చదువుతున్నాడట, ఎండాకాలమంతా ఆదోని మార్కెట్టులో పత్తి చూసి పోతాడట.

"అరబ్బీ మాట్లాడతాడు ఆపా," అన్నాడు ఉస్మాన్ సాబ్.

జొహరాబీ గబగబా కొంగు తలమీదికి లాక్కుంది. నమాజులో తప్ప ఆ భాష ఆమె ఎన్నడూ విన్నది కాదు. ఆ భాషలో జనం ఉప్పు అడుగుతారనీ, ఒకర్నొకరు తిట్టుకుంటారనీ ఆమెకు తట్టనే లేదు.

పిల్లవాడికి తెలుగూ రాదు, ఉర్దూ రాదు. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయితేనేం, చెప్పాల్సినవన్నీ సైగలతోనే చెప్పింది. చెప్పులు దులిపి తొడుక్కోవాలి, తేళ్లుంటాయి. కుళాయి వచ్చినప్పుడే నీళ్లు పట్టుకోవాలి. మిరపకాయ బజ్జీల జోలికి పోకూడదు. "వద్దు! వద్దు!" అని చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ మాట వినగానే అతను పకపకా నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఆమెకు అర్థం కాలేదు.

వద్దన్న బజ్జీలే తిన్నాడు. మర్నాడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతూ, "ముస్తష్ఫా, ముస్తష్ఫా" అని మూలిగాడు. అది ఆమె చెవికి ప్రవక్త పేరు ముస్తఫాలా వినబడింది. ఇంత బాధలోనూ ప్రవక్తనే తలుచుకుంటున్నాడే అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అతను పడుతూ లేస్తూ ఎటో వెళ్లి, సాయంత్రానికి నవ్వుతూ తిరిగొచ్చాడు. ఇంకేముంది, పేరు తలిస్తేనే నొప్పి పారిపోయిందని జొహరాబీ వీధి వీధంతా చాటింది.

అప్పట్నుంచి ఇరుగుపొరుగు ఆడవాళ్లు పిల్లలకు జ్వరమొస్తే, ఏదైనా చదివి ఊదమని గ్లాసుడు నీళ్లు తెచ్చేవాళ్లు. దాహానికి ఇచ్చారనుకుని అతను గటగటా తాగేసేవాడు. "మన జబ్బు తానే తాగేసినాడు!" అని వాళ్లు మురిసిపోయేవాళ్లు. జొహరాబీకి గర్వంతో కాళ్లు నేల మీద ఆనలేదు.

ఒక పొద్దున పక్కింటి జమ్రుద్‌బీ కేకలు పెడుతూ బయటికొచ్చింది. ఆమె చేతుల్లో కొడుకు అబ్బాస్ అలీ, ఐదేళ్లవాడు. కట్టెల మోపు దగ్గర ఎర్రతేలు కుట్టింది. ఒళ్లంతా చెమటలు, వాంతులు, చేతులు చల్లబడిపోయాయి. వీధి మొగలో జట్కా మారెప్ప అప్పటికే గుర్రాన్ని కట్టి, "పాండి, పాండి, ఆస్పత్రికి బిర్రున పోదాం!" అని తొందరపెడుతున్నాడు.

"రవ్వంత ఉండప్పా," అంది జొహరాబీ. "మిద్దె మీదే ఉండాడు కదా, ఒక్క మాట ఊదించుకుని పోదాం."

గోల విని ఇద్రీస్ మెట్లు దిగొచ్చాడు. పిల్లవాణ్ణి చూడగానే అతని ముఖం పాలిపోయింది. వాళ్ల దేశంలోనూ తేళ్లుంటాయి. ఆ కంగారులో వచ్చిన ఇంగ్లీషు కూడా మర్చిపోయి, గొంతు చించుకుని అరిచాడు.

"వద్దూహు! వద్దూహు! అల్ ముస్తష్ఫా!"

"వద్దంటాండాడు!" అని జొహరాబీ జనం వైపు తిరిగింది. "ఆస్పత్రి వద్దంట! ముస్తఫా ఉండాడంట!"

ప్రవక్త పేరు వినబడితే చదవాల్సిన దరూద్ వీధంతా ఒక్క గొంతుతో చదివింది. మారెప్ప కళ్లేలు వదిలేసి జట్కా దిగాడు. జమ్రుద్‌బీ కొడుకును తెచ్చి ఇద్రీస్ కాళ్ల దగ్గర పడుకోబెట్టింది. అతను నెత్తి కొట్టుకున్నాడు, ఏడ్చాడు, మళ్లీ మళ్లీ అదే అరిచాడు. అరిచిన ప్రతిసారీ జనం "ఆమీన్" అన్నారు. పిల్లవాడి పెదాలు నీలంగా మారుతున్నాయి.

ఉన్నట్టుండి ఇద్రీస్ పిల్లవాణ్ణి భుజానేసుకుని పరుగు తీశాడు.

"ఎత్తుకపోతాండాడు! పట్టుకోండ్రా!"

అరుస్తూ జనం వెంటపడ్డారు, జొహరాబీ నమ్మలేకపోయింది. రోజూ తన చేతి అన్నం తినే పిల్లవాడు ఇలా చేస్తాడా? ఆమె కూడా చెప్పుల్లేకుండా పరుగెత్తింది. మార్కెట్టు దగ్గర మారెప్ప అతన్ని అందుకుని చర్నాకోలతో ఒకటిచ్చాడు. ఎవరో చొక్కా పట్టి లాగారు, ఇంకెవరో మూతి మీద గుద్దారు. అయినా అతను పిల్లవాణ్ణి వదల్లేదు. చిరిగిన చొక్కాతో ఒక పెద్ద గేటులోకి దూరిపోయాడు. లోపల్నుంచి ఒక నర్సు పరుగున వచ్చి పిల్లవాణ్ణి అందుకుంది.

అప్పుడు ఇద్రీస్ గేటుకు ఆనుకుని నిలబడ్డాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. వేలెత్తి ఆ భవనాన్ని చూపించి, ఇంక ఓపిక లేక, మెల్లగా అన్నాడు.

"ముస్తష్ఫా."

వెంటపడి వచ్చిన జనం అలవాటు కొద్దీ దరూద్ చదివేశారు. జొహరాబీ మాత్రం చదవలేదు. అతని వేలు చూసింది. ఆ వేలు చూపించే ఆస్పత్రి గోడలు చూసింది. అక్కడే, ఆ మట్టిలోనే కూలబడిపోయింది.

మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఉస్మాన్ సాబ్, ఇద్రీస్‌తో ఇంగ్లీషులో మాట్లాడి మిగతాది చెప్పాడు. "వద్దూ అంటే వాళ్ల భాషలో తీసుకపోండి అని, ఆపా. ఆస్పత్రికి తీసుకపోండని మొత్తుకున్నాడంట."

"నేనేమో వద్దన్నాడని చెప్తిని," అంది జొహరాబీ. "నా నోటితో నేనే చెప్తినే, యా అల్లా!"

అబ్బాస్ అలీ మరుసటి రోజుకు కళ్లు తెరిచి అమ్మను నీళ్లడిగాడు. మారెప్ప సిగ్గుతో చచ్చిపోతూ, ఇద్రీస్‌ను జట్కాలో కూర్చోబెట్టి ఇంటికి తెచ్చాడు. జొహరాబీ అతని మూతికి పసుపు అద్ది, చిరిగిన చొక్కా విప్పించి కుట్టడానికి కూర్చుంది.

ఆ తర్వాత మిద్దె గదికి ఎవరొచ్చినా ఆమె తేళ్ల సంగతి, బజ్జీల సంగతి తర్వాతే చెప్పేది. మరుసటి ఏడు హొళగుంద నుంచి ఒక కన్నడ పిల్లవాడు వచ్చాడు. ఆమె తాళంచెవి గుప్పిట్లోనే పెట్టుకుని, "మీ భాషలో ఆస్పత్రిని ఏమంటారప్పా?" అని అడిగింది.

"ఆస్పత్రె అంటారవ్వా," అని వాడు కిసుక్కున నవ్వాడు.

"నగొద్దు నాయనా. తీసుకపోండి అనేదానికి ఏమంటారో, అది గూడా చెప్పు."